ఆకలి మందు పనిచేయడం మానేసింది, ఆపాలంటే భయంగా ఉంది

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 36, ఎత్తు 160 సెంటీమీటర్లు, ఒక బాబు ఉన్నాడు. కాన్పు తరవాత పెరిగిన బరువు 94 కిలోల దగ్గర నిలిచిపోయింది. డాక్టర్ ఆకలిని తగ్గించే ఫెంటర్మిన్ 37.5 మిల్లీగ్రాముల మాత్ర, రోజూ ఉదయం ఒకటి చొప్పున 12 వారాలకు రాసిచ్చారు. మొదటి ఆరు వారాల్లో ఆరు కిలోలు తగ్గారు. “ఆకలి అనేది ఒకటుంటుందనే మరిచిపోయాను. బాబు వదిలేసిన పళ్ళెం ముందున్నా చెయ్యి వెళ్ళేది కాదు” అంటున్నారు.

పదో వారానికి బరువు 84.5కు వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆకలి మళ్ళీ మొదలైంది. పగలంతా పెద్దగా ఏమీ తినరు. రాత్రి తొమ్మిదిన్నరకు మాత్రం ఫ్రిజ్ తలుపు తెరిచి, దాని వెలుతురులో నిలబడే తినేస్తున్నారు. డాక్టర్ చెప్పిన గడువు అయిపోయాక, ఇదే మందు మధ్యలో మానేసిన స్నేహితురాలి దగ్గర మిగిలిన స్ట్రిప్పులు తెచ్చుకున్నారు. మూడు వారాలుగా మధ్యాహ్నం రెండింటికి అదనంగా అరమాత్ర కూడా వేసుకుంటున్నారు. రాత్రి రెండు దాటితేగానీ నిద్ర పట్టడం లేదు. మందు మొదలుపెట్టినప్పుడు బీపీ 122/78, నాడి 76. ఇప్పుడు ఇంట్లో చూసుకుంటే బీపీ 142/90, నాడి 98. జలుబు చేసినప్పుడు ముక్కు దిబ్బడకు మామూలు మాత్రలు కూడా వేసుకుంటున్నారు. ఇవేవీ డాక్టర్‌కు తెలియవు. భర్తకైతే మందు వాడుతున్న సంగతే తెలియదు, నడకతో తగ్గిందనుకుంటున్నారు. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ వాడుతున్న సహోద్యోగి ఒకరు “నా పెన్నులో మందు మిగిలింది, సూది మార్చుకుని వేసుకో” అంటున్నారు. వచ్చే ఏడాది రెండో బిడ్డను కనాలని దంపతుల ఆలోచన. “మాత్ర కొనసాగించనా, ఇంజెక్షన్‌కు మారనా, అన్నీ మానేయనా? మానేస్తే మళ్ళీ 94కు వెళ్ళిపోతానని రాత్రిళ్ళు ఏడుపొస్తోంది” అని అడుగుతున్నారు.

సమాధానం

బరువు సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఈ వారం సంగతి మాట్లాడుకుందాం. మధ్యాహ్నపు అరమాత్ర ఈ రోజే ఆపేయండి. ముక్కు దిబ్బడ మాత్రలు కూడా ఆపండి. వాటిలో ఉండే సూడోఎఫెడ్రిన్, ఫినైలెఫ్రిన్ లాంటి మందులు కూడా రక్తనాళాలను బిగిస్తాయి, బీపీని పెంచుతాయి. ఫెంటర్మిన్ చేసేదే అది, దాని మీద ఇది కలుస్తోంది. ఉదయపు మాత్ర విషయానికొస్తే, మీకు రాసిన 12 వారాలూ అయిపోయాయి, పైగా బీపీ, నాడి ఈ స్థాయిలో ఉన్నాయి. డాక్టర్‌తో మాట్లాడేవరకు దాన్ని కూడా వేసుకోకపోవడమే మేలని నా అభిప్రాయం. ఆ మాట్లాడటం రేపో ఎల్లుండో జరగాలి, వచ్చే నెల కాదు.

ఆపగానే ఏమవుతుందో ముందే తెలిసి ఉంటే భయపడరు. డాక్టర్ రాసిన మోతాదు కన్నా మీరు ఎక్కువ వాడుతున్నారు కాబట్టి మొదటి కొన్ని రోజులు బాగా నీరసంగా, మత్తుగా, దిగులుగా ఉండొచ్చు. ఆకలి కూడా ఎక్కువగానే ఉంటుంది. వారం పది రోజుల్లో కిలో, కిలోన్నర పెరిగినట్టు కనిపించవచ్చు. అందులో ఎక్కువ భాగం ఒంట్లో చేరిన నీరు, పేగుల్లో ఉన్న ఆహారం. ఆ అంకె చూసి మళ్ళీ స్ట్రిప్ తీయకండి. దిగులు మాత్రం రోజురోజుకూ ముదురుతుంటే ఓర్చుకుని కూర్చోకుండా డాక్టర్‌కు చెప్పండి.

ఛాతీలో నొప్పి, ఇదివరకు సులువుగా ఎక్కిన మెట్లకే ఆయాసం రావడం, కాళ్ళలో కొత్తగా వాపు, కళ్ళు తిరిగి పడిపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

బీపీని ఒక్కసారి చూసి వదిలేశారు. మూడు రోజుల పాటు ఉదయం, సాయంత్రం చూడండి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాసుకోండి. చేతికి చుట్టే పట్టీ మీ జబ్బ చుట్టుకొలతకు సరిపడేది కావాలి. బిగుతైన చిన్న పట్టీతో చూస్తే బీపీ లేనిదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ కాగితం డాక్టర్ చేతిలో పెడితే సగం సంభాషణ అక్కడే అయిపోతుంది.

ఇప్పుడు మీ అసలు బాధ దగ్గరకొద్దాం. “నా మనోబలం సడలిపోయింది” అని ఉత్తరంలో మూడుచోట్ల రాశారు. జరిగింది అది కాదు. ఫెంటర్మిన్ మెదడులో ఆకలిని చూసుకునే చోట నోరెడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. ఏదో ప్రమాదం ఎదురైనప్పుడు ఒంట్లో పుట్టే హడావిడి లాంటిదే ఇది. ఆ హడావిడిలో ఆకలి వెనక్కి పోతుంది. కొన్ని వారాలయ్యాక మెదడు దీనికి అలవాటు పడుతుంది. గుండె, రక్తనాళాలు మాత్రం అంతగా అలవాటు పడవు. అందుకే మోతాదు పెంచితే ఆకలి మీద పట్టు తిరిగి రాలేదు, నాడి మాత్రం 98కి ఎక్కింది. ఆకలి తగ్గించే గుణం పోయాక మోతాదు పెంచకూడదు, మందు ఆపాలి అని దీని వాడకపు సూచనల్లోనే ఉంటుంది.

రెండోది, తగ్గిన శరీరం ఊరుకోదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే సంకేతాలు మందగిస్తాయి. బరువు తగ్గిన వాళ్ళను ఏడాది తరవాత పరీక్షించినా ఈ హార్మోన్లు పాత స్థాయికి రాలేదని 2011లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. దానికి తోడు, విశ్రాంతిలో ఖర్చయ్యే కేలరీలకు వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఒక్కో కిలోకు రోజుకు 10 కేలరీలు తగ్గుతాయి. మీరు 9.5 కిలోలు తగ్గారు, అంటే రోజుకు 95 కేలరీల ఖర్చు తగ్గింది. నడకలో మోసే బరువు తగ్గినందుకు ఇంకొంత. మొదట్లో ఎంత తింటే తగ్గారో, ఇప్పుడు అంతే తిన్నా బరువు నిలబడుతుంది. అలాంటప్పుడు బరువు ఆగడంలో మీ తప్పేముంది?

మూడోది మాత్రం మీ చేతిలో ఉంది, ఉత్తరంలో అది స్పష్టంగా కనిపిస్తోంది. ఫెంటర్మిన్ శరీరంలో సగానికి తగ్గడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి వేసుకున్న అరమాత్రలో రాత్రి పదింటికి కూడా ముప్పాతిక వంతు అలాగే ఉంటుంది. ఉదయం వేసుకున్న దానిలో కూడా సగానికి పైగా ఉంటుంది. నిద్ర ఎలా పడుతుంది? నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి పెరుగుతుంది. ఆకలికి విరుగుడనుకుని వేసుకున్న అరమాత్రే మర్నాటి ఆకలిని పెంచుతోంది. ఇక పగలు ఆకలి తెలియక సగం ఉపవాసం ఉంటున్నారు. రాత్రి ఫ్రిజ్ ముందు మీ శరీరం అడిగేది ఆ పగటి బాకీనే.

అందుకని ఏ దారి ఎంచుకున్నా ఇది చేయండి: ఆకలి వేసినప్పుడు కాకుండా గడియారం చూసి తినండి. లేచిన గంటన్నరలోపు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి నిద్రకు మూడు గంటల ముందు ఒకసారి. పూటకు దాదాపు 30 గ్రాముల ప్రోటీన్ ఉండాలి, రోజు మొత్తానికి 85 నుంచి 100 గ్రాములు. ఇది చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువే. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. మూత్రపిండాల సమస్య ఉంటే మాత్రం ఈ అంకెలు డాక్టర్‌ను అడగకుండా పాటించకండి. వారానికి రెండు మూడుసార్లు కండరాలకు పనిచెప్పే వ్యాయామం చేయండి: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడను నెట్టే పుషప్‌లు, బరువులెత్తడం. మందుతో తగ్గినా, మందు లేకుండా తగ్గినా, పోయే బరువులో కొంత కండ కూడా ఉంటుంది. ఆ కండ తిరిగి సంపాదించుకోవడం కొవ్వు చేరినంత సులువు కాదు.

ఇక దారులు.

ఒకటి, మందులన్నీ ఆపి, తగ్గిన బరువును నిలబెట్టుకోవడం. మీరు తగ్గింది మొదటి బరువులో పది శాతం. బీపీ, షుగర్ లాంటివి మెరుగవడానికి ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలు, ఆ మేలు మీకు దక్కినట్టే. వచ్చే ఆరు నెలలకు “ఇంకా తగ్గాలి” అనే లక్ష్యం వదిలేసి, 84 నుంచి 87 మధ్య ఉండటాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, ఒకే వేళ తూచుకోండి. 87 దాటి రెండు వారాలు అక్కడే ఉంటే డాక్టర్ దగ్గరకు వెళ్ళాలన్నది ముందే అనుకున్న ఒప్పందం. కొంత బరువు తిరిగి వచ్చే అవకాశం ఈ దారిలో నిజంగానే ఉంది, దాచను. గర్భం కోసం ప్రయత్నించాలనుకున్న రోజు నుంచి ఏ మందూ వదిలించుకోనవసరం లేకపోవడం దీని బలం.

రెండోది, వారానికోసారి వేసే ఇంజెక్షన్, కానీ సొంతంగా, మీ పేరు మీద రాసిన మందుల చీటీతో. సహోద్యోగి పెన్ను మాత్రం ముట్టుకోకండి. సూది మార్చినా, గుచ్చినప్పుడు రక్తం, కణాలు లోపలి గొట్టంలోకి వెనక్కి రావచ్చు. రక్తం ద్వారా సోకే జబ్బులు అలా అంటుకోగలవు. ఇంకో ప్రమాదం మోతాదుది. ఈ ఇంజెక్షన్లలో ఒకటైన సెమాగ్లూటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు 0.5, 1, 1.7, చివరికి 2.4కు తీసుకెళ్తారు. పేగులు అలవాటు పడటానికే ఈ నిదానం. నెలల తరబడి వాడుతున్న మనిషి మోతాదును మీరు మొదటి రోజే వేసుకుంటే, రోజుల తరబడి వాంతులతో ఒంట్లో నీరు ఎండిపోయి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. వేసుకున్నాక వెనక్కి తీసే మార్గం లేదు, ఎందుకంటే అది సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది.

పద్ధతి ప్రకారం వాడితే ఇది బలమైన మందే. పెద్ద అధ్యయనంలో 68 వారాలకు సగటున 14.9 శాతం బరువు తగ్గింది, ఉత్తుత్తి మందు వేసుకున్న వాళ్ళకు 2.4 శాతం. ఆపేశాక ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. మీ విషయంలో ఆలోచించాల్సింది ఇక్కడే. పూర్తి మోతాదుకు చేరడానికే 16 వారాలు, అంటే దాదాపు నాలుగు నెలలు. గర్భం కోసం ప్రయత్నించే ముందు కనీసం రెండు నెలలు ఆపి ఉండాలి. రెండో బిడ్డ ప్రయత్నం సరిగ్గా ఏడాదికి అనుకుంటే, పూర్తి మోతాదులో మీకు దక్కేది ఆరు నెలలు. ఆ వెంటనే ఆకలి తిరిగి వచ్చే కాలం, గర్భం మొదలయ్యే కాలం ఒకదాని మీద ఒకటి పడతాయి. బిడ్డను రెండేళ్ళకు వాయిదా వేస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. 36 ఏళ్ళ వయసులో ఆ వాయిదాకూ ఒక మూల్యం ఉంటుంది. ఇది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి, బయటివాళ్ళు చెప్పగలిగేది కాదు.

ఈ మందు వాడుతున్నంత కాలం గర్భనిరోధం ఖాయంగా ఉండాలి. బరువు తగ్గితే కొందరికి ఆగిపోయిన అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది, అనుకోని గర్భాలు అలాగే వస్తాయి. ఇదే కోవకు చెందిన టిర్జెపటైడ్ రాస్తే ఇంకో జాగ్రత్త: అది గర్భనిరోధక మాత్రల పనిని తగ్గించవచ్చు. కాబట్టి మొదలుపెట్టాక నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు వేరే పద్ధతి కూడా వాడాలి. మీ కుటుంబంలో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, మీకు ఎప్పుడైనా పాంక్రియాస్ వాపు, పిత్తాశయంలో రాళ్ళు వచ్చాయా అన్నది డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ఎప్పుడైనా మత్తుమందు ఇచ్చి ఏ చిన్న ఆపరేషన్ చేసినా, ఈ ఇంజెక్షన్ వాడుతున్నట్టు ముందే చెప్పాలి. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి మత్తులో ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంటుంది.

మూడోది, వేరే మాత్రలు. మీకు ఇందులో పెద్దగా చోటు లేదు. ఫెంటర్మిన్, టోపిరమేట్ కలిపిన మందు 2012లో అమెరికాలో వచ్చింది. టోపిరమేట్ వల్ల గర్భంలోని బిడ్డకు పెదవి, అంగిలి చీలిక వచ్చే ప్రమాదం ఉంది, నెలనెలా గర్భపరీక్ష చేయించుకుంటూ వాడాల్సిన మందు అది. నాల్ట్రెక్సోన్, బుప్రోపియాన్ కలిపిన మందు కూడా బీపీని, నాడిని పెంచగలదు. మీ బీపీ దిగకుండా దాని ఊసే వద్దు.

నాలుగోది, కొంత విరామం ఇచ్చి ఫెంటర్మిన్‌నే మళ్ళీ ఒక దఫా వాడటం. కొందరు డాక్టర్లు అలా రాస్తారు. బీపీ, నాడి పూర్తిగా మామూలుకు వచ్చాకే ఆ ప్రశ్న. గర్భం అనుకుంటున్న నెలల్లో, పాలిచ్చే కాలంలో ఇది పనికిరాదు. ఈ మందు మీద ఒకసారి మోతాదు పెంచుకున్నారన్నది కూడా డాక్టర్ లెక్కలోకి తీసుకోవాలి. నేనైతే మీకు ఈ దారిని అన్నిటికన్నా చివర పెడతాను.

డాక్టర్లు 12 వారాలకే పరిమితం చేయడం పిసినారితనంలా అనిపించి ఉండొచ్చు. ఫెంటర్మిన్‌కు అమెరికాలో 1959లో అనుమతి ఇచ్చిందే కొద్ది వారాల వాడకానికి. 1990లలో దాన్ని ఫెన్‌ఫ్లూరమిన్‌తో కలిపి లక్షల మంది వాడారు. గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని తేలి 1997లో ఫెన్‌ఫ్లూరమిన్‌ను వెనక్కి తీసుకున్నారు. ఇంకో ఆకలి మందు సిబ్యుట్రమిన్ గుండెపోటు, పక్షవాతం ప్రమాదాన్ని పెంచుతోందని 2010లో మార్కెట్ నుంచి తీసేశారు. ఆ సిబ్యుట్రమిన్ ఇప్పటికీ “మూలికలతో చేసినది, దుష్ప్రభావాలు లేవు” అని అమ్మే సన్నబడే మందుల్లో పదేపదే బయటపడుతోంది. దిగులులో ఉన్నప్పుడు అలాంటి ప్రకటనలు బాగా కనబడతాయి, అందుకే ముందే చెబుతున్నాను.

డాక్టర్‌కు చెప్పడానికి సిగ్గుగా ఉందన్నారు. ఇలా చెప్పండి చాలు: “మీరు రాసిన గడువు తరవాత కూడా వాడాను. మూడు వారాలుగా రోజుకు ఒకటిన్నర మాత్ర వేసుకున్నాను. ఫలానా రోజు ఆపాను. ఇవి నా బీపీ అంకెలు.” దాచి వెళ్తే, బీపీ ఇలా పెరిగింది ఫెంటర్మిన్ వల్లనని తెలియక, మీకు జీవితాంతం వాడే బీపీ మాత్ర రాసే అవకాశం ఉంది. ఒకవేళ చెప్పాక మందలించి ఊరుకుంటే, ఊబకాయం చికిత్సలో అనుభవం ఉన్న ఇంకో డాక్టర్‌ను చూడటంలో తప్పులేదు.

భర్తకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మందు సంగతి మీ సొంత విషయం అనుకునే హక్కు మీకుంది. చెప్పకపోతే వచ్చే చిక్కు ఒకటుంది: ఏ అర్ధరాత్రో మీకు గుండెదడ ఎక్కువై ఆసుపత్రికి తీసుకెళ్తే, ఏం మందు వాడుతున్నారని అక్కడ అడిగేది ఆయన్నే. గర్భం ఎప్పుడన్న నిర్ణయం కూడా ఈ మందుల లెక్కతో ముడిపడి ఉంది. మొత్తం ఒకేసారి చెప్పలేకపోతే “డాక్టర్ బరువుకు మందు ఇచ్చారు, బీపీ పెరిగింది, ఆపేశాను” అన్నంత వరకైనా చెప్పండి. నడిచింది మీరే, అందులో అబద్ధం లేదు.

డాక్టర్ దగ్గర అడగాల్సినవి: ఈసీజీ, థైరాయిడ్, మూడు నెలల సగటు షుగర్, నెలసరి తప్పి ఉంటే ముందుగా గర్భపరీక్ష. బిడ్డ ఆలోచన ఉందని చెబితే ఫోలిక్ యాసిడ్ రాస్తారు. దాన్ని కనీసం నెల ముందు నుంచే మొదలుపెట్టాలి. మీ బరువుకు మామూలు 400 మైక్రోగ్రాములు చాలా, ఎక్కువ కావాలా అన్నది అడిగి తెలుసుకోండి.

స్నేహితురాలి స్ట్రిప్పుల్లో మిగిలిన మాత్రలు మీ బాబుకు అందే చోట ఉంచకండి. ఆమెకు తిరిగి ఇవ్వకండి. పాత మందులు తీసుకునే మందుల షాపు ఉంటే అక్కడ ఇచ్చేయండి. లేకపోతే వాడేసిన కాఫీ పొడి లాంటిదాంట్లో కలిపి, మూత ఉన్న డబ్బాలో వేసి, చెత్తలో పారేయండి. అది ఈ రాత్రి తొమ్మిదిన్నరకు ముందే అయిపోతే మంచిది.